కరపత్రం మనిషి కనబడుట లేదు

కనబడుట లేదు. పేరు తెలియదు. వయసు నలభై అయిదుకీ అరవైకీ మధ్య. చామనఛాయ, చిన్న మీసం, కాళ్ళకి తెల్లబూట్లు, మొహాన ఆరని చిరునవ్వు. తెల్లారి ఆరింటికి లేచి నలభై నిమిషాలు నడుస్తాడు. ఎనిమిదింటికి టిఫిను, ఒంటిగంటకి కప్పుతో కొలిచిన అన్నం, సగం పళ్ళెం నిండా కూర, రాత్రి ఏడున్నరకే భోజనం, పదింటికి నిద్ర. మాత్ర ఏనాడూ మరిచిపోడు. అప్పుల్లేవు. దిగుళ్ళు లేవు. పై అధికారి లేడు. భార్య పక్కనే నిలబడి ఉంటుంది, చేతిలో గరిటె. ఇతగాడు ఆఖరుసారిగా షుగరు వ్యాధి కరపత్రం మీద కనిపించాడు. ఆచూకీ తెలిపినవారికి తగిన పారితోషికం ఇవ్వబడును.

పెనాంగ్ దీవిలో, జార్జ్ టౌన్‌లో, మా అప్ప ఇంటి ఫ్రిజ్ తలుపు మీద రెండు కరపత్రాలున్నాయి. ఒకటి మలయ్ భాషది, ఇక్కడి క్లినిక్‌లో ఇచ్చారు. రెండోది తెలుగుది, విశాఖలో డాక్టరు దగ్గర తీసుకుని చీరల మధ్య మడత పడకుండా తెచ్చుకుంది. రెండింటిలోనూ ఉన్నది ఒకే మనిషి. తెలుగుదాంట్లో తెల్ల చొక్కా, మలయ్‌దాంట్లో బాతిక్ చొక్కా. అందులో పప్పు, ఇందులో చేప. నవ్వు మాత్రం మారలేదు. మలయ్‌లో ఈ జబ్బుని 'కెంచింగ్ మానిస్' అంటారు, తీపి మూత్రం అని అర్థం. మన వైద్యులు ఏనాడో పెట్టిన 'మధుమేహం' అన్న పేరుకీ అదే అర్థం. సముద్రానికి అటూ ఇటూ కూడా ఈ జబ్బుని ముందు కనిపెట్టినవి చీమలేనన్నమాట.

ఫ్రిజ్ లోపల మా బావ ఇన్సులిన్. ఫ్రిజ్ తలుపు మీద నవ్వే మనిషి. తలుపు తీసినప్పుడల్లా ఆయన మర్యాదగా పక్కకి తప్పుకుని దారి ఇస్తుంటాడు.

నేను పది రోజులు ఉండి పోదామని వచ్చినవాణ్ణి. పనీపాటా లేదు. ఒక్క ఇండియాలోనే 10.1 కోట్ల మందికి షుగరుందని ఐసీఎంఆర్ వాళ్ళ సర్వే 2023లో తేల్చింది. ఇన్ని కోట్ల మందికి నమూనాగా చూపిస్తున్న మనిషి, ఒక్కడంటే ఒక్కడైనా ఎక్కడో ఉండకపోతాడా అని వెతకడం మొదలుపెట్టాను.

మొదట ఇంట్లోనే వెతికాను. మా బావ పనిచేసేది బాయన్ లెపాస్‌లో. 1972 నుంచి అక్కడ ఫ్యాక్టరీల పేట ఉంది, కంప్యూటర్ చిప్పులకి పేరుపడిన చోటు. చిప్పులకి పగలూ రాత్రీ తేడా లేదు కాబట్టి బావకీ లేదు. రెండు వారాలు పగలు డ్యూటీ, రెండు వారాలు రాత్రి డ్యూటీ, ఒక్కోటి పన్నెండు గంటలు. డాక్టరు చీటీ మీద 'ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, భోజనం తర్వాత' అని ఉంది. రాత్రి ఏడింటికి ఎక్కి తెల్లారి ఏడింటికి దిగేవాడికి ఉదయం ఎప్పుడు? తను లేచినప్పుడా, సూర్యుడు లేచినప్పుడా? బావ ఆ మాటే డాక్టరుని అడిగాడు. "వేళకి తినడం అలవాటు చేసుకోండి" అన్నాడాయన. ఫ్యాక్టరీలో అడిగితే "వేళకి రావడం అలవాటు చేసుకోండి" అన్నారు. ఇద్దరూ వేళ గురించే చెప్పారు. ఎవరి వేళ అన్నది మాత్రం ఇద్దరూ చెప్పలేదు.

చిప్పులు చేసే గదిలోకి తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి తొడుగు వేసుకుని వెళ్ళాలి. ఒక్క వెంట్రుక రాలినా సరుకు పాడు. లోపల తిండి పనికిరాదు, జేబులో చాక్లెట్టు బిళ్ళ కూడా పనికిరాదు. ఒక రాత్రి బావకి షుగరు పడిపోయి చేతులు వణికాయి, చెమటలు పోశాయి. బయటికొచ్చి తొడుగు విప్పి, రెండు బిస్కెట్లు నోట్లో వేసుకుని, కాస్త తేరుకుని మళ్ళీ తొడుక్కుని లోపలికెళ్ళేసరికి సూపర్‌వైజరు పుస్తకంలో రాసి ఉంచాడు: అనుమతి లేని విరామం, పందొమ్మిది నిమిషాలు.

అప్పట్నుంచి బావ రాత్రి డ్యూటీ ఉన్న రోజుల్లో సూదిమందు రెండు యూనిట్లు తగ్గించి, షుగరు కాస్త ఎక్కువే ఉంచుకుంటున్నాడు. పడిపోతే ఈ నెల ఉద్యోగానికి ముప్పు. పెరిగితే పదేళ్ళ తర్వాత మూత్రపిండాలకి ముప్పు. ఇంటద్దె కట్టాల్సింది పదేళ్ళ తర్వాత కాదు కదా. ఇంత లెక్క వేసిన మనిషి గురించి డాక్టరు ఫైల్లో ఒకే ఒక్క ముక్క రాశాడు: 'రోగి సహకరించడం లేదు.'

పైగా బావ రివటలా ఉంటాడు. "మీకు షుగరేమిటండీ" అని బుగ్గలు నొక్కుకునేవాళ్ళకి ఒక ఫొటో చూపించాలి. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఎత్తుకీ బరువుకీ వేసే బీఎంఐ లెక్కలో ఇద్దరూ సరిసమానం, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లీషాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం. తల్లి కడుపులోనే తిండి చాలని బిడ్డ కండ వదులుకుని కొవ్వు కూడబెట్టుకుంటుందని యాజ్ఞిక్ గారి వాదన. ఆ లెక్కన మా బావ షుగరుకి ఒక వేరు ఆయన నాలుక మీద లేదు, ఆయన్ని మోస్తూ మా అత్త తాగిన గంజిలో ఉంది. కరపత్రం మీద బరువు పట్టిక ఉంది. గంజి పట్టిక ఎక్కడా లేదు.

బావ కాదని తేలింది కాబట్టి ఊరి మీద పడ్డాను. జార్జ్ టౌన్‌లో మనుషుల్ని వెతకాలంటే తమిళ ముస్లింలు నడిపే మామక్ కొట్టుకి మించిన చోటు లేదు. ఇక్కడి నాసి కండార్‌కి దేశమంతటా పేరు. నాసి అంటే అన్నం, కండార్ అంటే కావడి. తమిళ ముస్లింలు ఒకప్పుడు భుజాన కావడి వేసుకుని, అటు అన్నం ఇటు కూరలు మోసుకెళ్ళి రేవు కూలీలకి అమ్మిన భోజనమది. పొద్దుటి నుంచీ బస్తాలు మోసే ఒంట్లో ఆ అన్నం మధ్యాహ్నానికల్లా కరిగిపోయేది. ఇప్పుడు బస్తాలు క్రేన్లు మోస్తున్నాయి, అన్నం కొలత మాత్రం కూలీ నాటిదే. అన్ని కూరల పులుసులూ కలిపి పోయించుకోవాలంటే 'బంజిర్' అనాలి. అంటే వరద. ధవళేశ్వరం దగ్గర గోదావరికి మూడు ప్రమాద హెచ్చరికలు ఎగరేస్తారు. ఈ పళ్ళానికి ఒక్కటీ లేదు.

టీ సంగతి ఇంకా ముచ్చట. ఉత్తినే 'తే' అన్నామా, డబ్బాపాలు పోసిన చిక్కటి తీపి టీ వస్తుంది. తీపి తగ్గించాలంటే 'కురంగ్ మానిస్' అని తగిలించాలి. అసలే వద్దనుకుంటే 'కోసొంగ్' అనాలి, అంటే ఖాళీ. తీపి కావాలంటే నోరు మెదపక్కర్లేదు, వద్దంటేనే భాష నేర్చుకోవాలి. ఊరికి కొత్తగా దిగినవాడికి ఆఖరున వచ్చే మాట అదే. అది వచ్చేలోగా పరగడుపు షుగరు రెండొందలు దాటి ఉంటుంది.

లిటిల్ ఇండియా వీధుల్లో నడుచుకుంటూ రేవు దాకా వెళితే నీళ్ళకి అవతల సెబెరాంగ్ పెరాయ్ కనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో దాని పేరు ప్రొవిన్స్ వెల్లెస్లీ. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఎటు చూసినా చెరకు. ఆ చెరకు నాటడానికీ నరకడానికీ దక్షిణాది నుంచి ఒప్పంద కూలీల్ని ఓడల్లో తెచ్చి దింపారు. మలయాకి మనవాళ్ళని రబ్బరు పిలిచిందని అందరూ అంటారు గానీ, రబ్బరు కంటే ముందు పిలిచింది చక్కెర. వచ్చేవాళ్ళు రోగాలు తెస్తారేమోనని పక్కనున్న జెరెజక్ దీవిలో క్వారంటైన్‌లో పెట్టేవారు. అంత భయం ఉన్న దొరలకి, వచ్చినవాళ్ళకి ఇక్కడ ఏ రోగం అంటుకుంటుందోనన్న బెంగ మాత్రం లేకపోయింది.

ఒప్పంద కూలీ పద్ధతి 1910లో పోయింది. కంగాణీలు ఊళ్ళ మీద పడి మనుషుల్ని పోగుచేసే పద్ధతి 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసని ఆపేదాకా సాగింది. మా విశాఖ వైపు నుంచీ గోదావరి వైపు నుంచీ వచ్చిన తెలుగువాళ్ళు పేరాక్ రాష్ట్రంలో బాగాన్ డాతో కొబ్బరితోటల దాకా పాకారు. చెరకు పోయి రబ్బరొచ్చింది, రబ్బరు పోయి పామాయిలొచ్చింది. చక్కెర మాత్రం ఊరు వదల్లేదు. 1960ల్లో అదే పెరాయ్‌లో మలేషియా మొదటి చక్కెర శుద్ధి కర్మాగారం లేచింది.

ఇక లెక్క చూడండి. 2019 నాటి జాతీయ ఆరోగ్య సర్వేలో మలేషియా పెద్దవాళ్ళలో షుగరున్నవాళ్ళు 18.3 శాతం. అందులో దాదాపు సగం మందికి తమకి ఆ జబ్బుందనే తెలియదు. భారత సంతతివాళ్ళని విడిగా లెక్కేస్తే 31.4 శాతం. "మీవాళ్ళకి నోటి మీద అదుపు లేదండీ" అన్నాడు నాతో ఇక్కడి పెద్దమనిషి ఒకాయన, పొట్ట నిమురుకుంటూ. అదుపు మాకు కొత్తా? బియ్యం కొలిచి, కూలి కొలిచి, లైను ఇళ్ళలో గది కొలిచి, సాయంత్రానికి తోటలోనే కల్లు దుకాణం తెరిచి, తరాల తరబడి అదుపులోనే ఉంచారు. ఇప్పుడు ఆ మునిమనవణ్ణి పిలిచి 'ఇది జీవనశైలి వ్యాధి, శైలి మార్చుకో' అంటున్నారు. శైలి అనేది ఎంచుకున్నవాడికి ఉంటుంది. ఓడ ఎక్కించుకొచ్చినవాడికి ఉండేది జీవనమే.

అప్ప వాళ్ళ ఫ్లాట్లలో పన్నెండో అంతస్తులో ఒక పెద్దమ్మ ఉంటుంది. తాతల నాటి తెలుగు, సగం తమిళం, చివర మలేషియా 'లా'. "బాగున్నావా లా" అని పలకరిస్తుంది. ఆమె ఒకప్పుడు ఊరి నడుమ పాత మేడలో అద్దెకుండేది. కింద కొట్టు, పైన కాపురం, ముందు కాకి లీమా అనే అయిదడుగుల వసారా. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు ఒక్క కప్పు కింద. ఎవరో ఒకరు సూది వేసేవారు, ఎవరో ఒకరు "ఆ బూరె ముట్టకు" అని కేకేసేవారు. అంతకు మించిన వైద్యం ఆమెకి ఆ తర్వాత దొరకలేదు.

పాత అద్దెల చట్టాన్ని 1997లో రద్దు చేశారు. 2000 మొదలు కావడంతోనే అద్దెలకి పగ్గాలు తెగాయి, అద్దెకున్నవాళ్ళకి ఊరితో తెగింది. 2008లో యునెస్కో వచ్చి ఆ వీధులు ప్రపంచ వారసత్వం అంది. గోడలు వారసత్వమే, గోడల మధ్య బతికినవాళ్ళు మాత్రం ఆ జాబితాలో లేరు. ఒక కొడుకు సింగపూర్‌లో, ఒకడు కౌలాలంపూర్‌లో, మూడోవాడు ఆస్ట్రేలియాలో. పెద్దమ్మ కాపురమున్న మేడ ఇప్పుడు కేఫు. "నేను పడుకున్న గదిలో చీజ్ కేక్ అమ్ముతున్నారు లా. ముక్క పద్దెనిమిది రింగిట్‌లు. షుగరున్నవాళ్ళు పోకూడదనే అంత ధర పెట్టారేమో" అంటుంది.

రోజూ నడవమని ఆమెకీ చెప్పారు. లిఫ్టు పనిచేసిన రోజు నడుస్తుంది. కింద కాకి లీమాల నిండా మోటారు సైకిళ్ళు, సరుకు పెట్టెలు, ఫొటోలు దిగే టూరిస్టులు. పాదాలు మొద్దుబారి, చెప్పు జారినా తెలియని మనిషి ఎండలో రోడ్డు మీదకి దిగి కార్ల మధ్య నుంచి నడవాలి. చూపు మందగించి ఇన్సులిన్ పెన్ను మీది అంకెలు ఆనవు. అందుకని పెన్ను తిప్పుతుంటే వచ్చే టిక్కుటిక్కుల్ని లెక్కపెట్టుకుంటుంది. ఆమెకి పద్నాలుగు టిక్కులు. సరిగ్గా తొమ్మిదో టిక్కు దగ్గర సింగపూర్ కొడుకు ఫోను చేస్తాడు, "అమ్మా, సూది వేసుకున్నావా?" అని. లెక్క మళ్ళీ మొదటికి.

ప్రభుత్వ క్లినిక్‌లో ఇక్కడి పౌరులకి ఫీజు ఒక్క రింగిట్. ఆ మంచిని వెక్కిరించడానికి నాకు నోరు రాదు. కానీ ఆ ఒక్క రింగిట్ కిటికీ దాకా పెద్దమ్మని చేర్చాలంటే పన్నెండు అంతస్తులు, రానూపోనూ కారు కిరాయి, వెంట ఉండే మనిషికి ఒక పూట సెలవు కావాలి. వెంట ఉండే మనిషి మా అప్ప. ఆవిడ ఖాతాలోకి తర్వాత వస్తాను.

ఒక్క రింగిట్ వైద్యం పౌరులకి. సోంపేట నుంచి ఇక్కడికొచ్చిన కుర్రాడికి కాదు. కుర్రాడంటే ముప్పై ఎనిమిదేళ్ళవాడు, హోటల్లో గిన్నెలు తోముతాడు. ఏజెంటుకి కట్టిన అప్పు ఊళ్ళో ఇంకా సగం ఉంది. షుగరుందని ఓనరుకి తెలిస్తే తిప్పి పంపేస్తాడని భయం, అందుకని మందుల డబ్బాని బట్టల కింద దాస్తాడు. కొందరు సారా దాస్తారు, ఇతను మెట్‌ఫార్మిన్ దాస్తాడు. మాత్రలు ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత తెప్పించుకోవాలి. ఎవరూ రాని నెలల్లో రోజు విడిచి రోజు వేసుకుంటాడు. "ఒక్కపొద్దు అనుకుంటానండి" అన్నాడు నాతో. దేవుడి పేరున తిండి మానడం విన్నాను, ఏజెంటు పేరున మందు మానడం ఇక్కడే చూశాను.

అలాగని బీమా లేకపోలేదు. విదేశీ కార్మికులకి ఆసుపత్రి బీమా తప్పనిసరి చేస్తూ 2011లోనే పథకం వచ్చింది. ఆసుపత్రిలో చేరితే, ఆపరేషనయితే ఆదుకుంటుంది. నెలనెలా మాత్రలకి పనికిరాదు. అంటే కాలు తీసేసేటప్పుడు అండగా నిలుస్తుంది, కాలు నిలబెట్టుకోవడానికి పైసా విదల్చదు. ఇదే ఊరికి సుమత్రా నుంచి జనం విమానాలెక్కి వైద్యానికి వస్తారు. పెనాంగ్ ఆసుపత్రులకి అంత పేరు. జబ్బుతో వచ్చేవాళ్ళకి ఈ ఊరు తివాచీ పరుస్తుంది. జబ్బు దాచుకుని గిన్నెలు తోమేవాడికి పీట కూడా వెయ్యదు.

సర్కారు ఊరకే కూర్చుందని అనను. తీపి పానీయాల మీద 2019 జూలై 1 నుంచి లీటరుకి 40 సెన్‌ల సుంకం వేశారు, 2024లో దాన్ని 50 చేశారు. సుంకం డబ్బాలో సీలు వేసిన పానీయానికే. కొట్టువాడు మూరెడు ఎత్తు నుంచి తిరగబోసే టీకి లేదు. ఇంకో చేత్తో అదే సర్కారు సామాన్యుడి మీద దయతో చక్కెర ధరకి పరిమితి పెట్టింది, కిలో 2.85 రింగిట్‌లకి మించి అమ్మకూడదంది. ఆ ధరకి అమ్మినందుకు ఫ్యాక్టరీలకి నష్టం రాకుండా కిలోకి ఒక రింగిట్ చొప్పున 2023 నవంబరు నుంచి చేతిలో పెట్టింది. గోధుమరొట్టెకీ ఆకుకూరకీ ఇంత ముద్దు దక్కలేదు. ఈ దేశంలో కొత్తగా డయాలిసిస్‌కి చేరేవాళ్ళలో సగానికి పైగా షుగరు రోగులే. కుడిచేత్తో పంచదార పోసి, ఎడమచేత్తో కరపత్రం ఇవ్వడం అంటే ఇదే.

ఇప్పుడు మా అప్ప ఖాతా. కరపత్రంలో గరిటె పట్టుకున్న ఆవిడని మళ్ళీ చూడండి. ఆవిడ ముందు పళ్ళెం లేదు. ఆవిడకి షుగరుందో లేదో కరపత్రం వేసినవాళ్ళకి తట్టలేదు. మా అప్ప అనకాపల్లిలో ఎనిమిదేళ్ళు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పింది. బావ ఉద్యోగంతో ఇక్కడికొచ్చాక ఆవిడ పాస్‌పోర్టులో 'డిపెండెంట్ పాస్' అతికించారు. తెలుగులో చెప్పాలంటే ఆశ్రితురాలు. ఎవరు ఎవరిని ఆశ్రయించారో పొద్దున ఆరు నుంచి చూశాను. డ్యూటీ దిగిన బావకి రాగిసంకటి, బడికెళ్ళే పిల్లలకి నూడుల్స్, పన్నెండో అంతస్తుకి ఉప్పు తక్కువ పప్పు. పదకొండింటికి తన వంతు వస్తే ఈ మూడింటిలో మిగిలినవి గిన్నె అంచున ఊడ్చి నిలబడే తినేసింది. సంకటి మీద నూడుల్స్, దాని మీద పప్పు.

"అప్పా, నువ్వెప్పుడైనా షుగరు చూపించుకున్నావా?" అన్నాను.

"నాకేటవుద్దిరా. ఇంటికి ఒక రోగి చాలడా?" అంది.

బావ మిషనుతోనే బలవంతంగా వేలు గుచ్చి చూశాను. తిన్న రెండు గంటలకి 231. ఒక్క క్షణం ఆ అంకెని చూసి, స్ట్రిప్పు తీసి చెత్తబుట్టలో వేసి, "ఒక్కో స్ట్రిప్పు ఎంతో తెలుసా? ఉత్తినే పాడుచేశావు" అంది. ఆ సాయంత్రం బావతో చెప్పాను. ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. "ముందే చెప్పొద్దూ! రేపటి నుంచి నువ్వు కూడా వేళకి తినాలి" అన్నాడు. సరిగ్గా డాక్టరు గొంతుతో అన్నాడు. అని, "టీ ఇస్తావా?" అన్నాడు.

కాబట్టి వెతుకులాట ముగిసింది. కరపత్రం మనిషి జార్జ్ టౌన్‌లో లేడు, సోంపేటలో లేడు, అనకాపల్లిలో అసలే లేడు. ఆయన ఉండాలంటే ఆయన వేళ ఆయన చేతిలో ఉండాలి, ఇంటివాళ్ళు ఇంట్లో ఉండాలి, కాగితాల మీద దేశం ఆయనదై ఉండాలి. ఈ మూడూ ఊడబెరికి మనిషిని ఒడ్డు దాటించి, నాలుగోదైన నోరు కట్టుకోమంటున్నాం. దొరకని మనిషికి మందు రాసి లాభం లేదు గనక, దొరికేవాళ్ళకి నేనే చీటీ రాశాను. ఫ్రిజ్ మీద మూడో కాగితంగా అతికించి వచ్చాను.

ఫ్యాక్టరీ వారికి: బిస్కెట్టు విరామం, పూటకి ఒకటి, జీతం కొయ్యకుండా. షుగరున్నవాళ్ళకి షిఫ్టు మార్పిడి బాగా తగ్గించి వాడాలి. హోటలు ఓనరుగారికి: మందుల డబ్బా బట్టల కింద నుంచి అలమారలోకి, వెంటనే. బీమా వారికి: నెలకి అరవై మాత్రలు. కాలు తీసే ఖర్చు కన్నా చౌక, కావాలంటే లెక్క చూసుకోవచ్చు. సర్కారు వారికి: కిలోకి ఇచ్చిన ఆ రింగిట్, ఒక్క వారం పాటు ఆకుకూరకి ఇచ్చి ఫలితం చూడాలి. సింగపూర్ కొడుక్కి: ఫోను, సూది వేళ దాటాక. వీలైతే మనిషే. బావగారికి: వంటింట్లోకి రోజుకి రెండుసార్లు, పరగడుపున. డాక్టరుగారికి: 'సహకరించడం లేదు' అన్న మాట పూర్తిగా మానెయ్యాలి. తప్పనిసరైతే ఎవరు సహకరించడం లేదో పేర్లు రాయాలి.

చీటీ రాసినవాడికి కూడా ఒక గీత మిగిలింది. మా అమ్మ అనకాపల్లిలో ఒక్కతే ఉంటుంది. ఊరంతా బెల్లం వాసన, బెల్లం మార్కెట్టుకి దేశంలోనే పేరు. "పంచదారయితే తప్పు గానీ, బెల్లం ఏం చేస్తుందిరా" అని వీధి వీధంతా నమ్మే ఊరు. అప్ప ఇక్కడ నుంచి, నేను హైదరాబాదు నుంచి ప్రతి ఆదివారం వీడియోలో అడుగుతాం: "అమ్మా, ఈ వారం షుగరెంత?" ప్రతి ఆదివారం ఒకటే జవాబు: "నూట నలభై." మూడేళ్ళుగా నూట నలభయ్యే. ఎండాకాలం నూట నలభై, సంక్రాంతి అరిసెల తర్వాత నూట నలభై. మేమిద్దరం ఊపిరి పీల్చుకుని ఫోన్లు పెట్టేస్తాం. మొన్న మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే పదకొండు వచ్చింది. ఆ పరీక్షకి మొహమాటం లేదు, ఆదివారం ఫోను చెయ్యదు. మిషను తీసి చూస్తే బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంది. మాకేం వినాలనుందో ఆవిడకి తెలుసు. అదే వినిపిస్తోంది.

జార్జ్ టౌన్‌లో నా ఆఖరు రోజు ఆదివారం. అప్ప ఫోను కలిపింది. అంకె అడగబోతుంటే నేను అడ్డుకుని, "అమ్మా, మధ్యాహ్నం ఏం తిన్నావే?" అన్నాను. తెర మీద మా అమ్మ తడబడింది. ఈ ప్రశ్నకి తయారుగా జవాబు లేదు.

"ఏటి తింటానురా," అంది కాసేపాగి. "ఒక్కదాని కోసం పొయ్యెలిగించడమేటని, రాత్రి అన్నంలో ఇంత బెల్లం ముక్క నంజుకున్నాను."

మూడేళ్ళలో ఆవిడ మాకు చెప్పిన మొదటి అసలు రీడింగు అది.